పద్నాలుగో గది

"గడియారం నా చేతికున్నదా బిడ్డా, నన్ను టైమడుగుతున్నవ్?" అంది బిక్షమ్మ.

వేరే రోజైతే శోభ నవ్వేది. కానీ ఇప్పుడు ఆదివారం పదకొండున్నర. నిన్న సాయంత్రం అరెస్టు చేసిన ఈమె కొడుకు డేవిడ్‌ను ఇవాళ నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందుకు తీసుకుపోతారు, అక్కణ్ణుంచి జైలుకు. జడ్చర్ల మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసుకునే ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు, శుక్రవారం సాయంత్రం నల్లగొండలో ఈ మెట్ల పైనున్న పాటల గదిలో యోహాను మాస్టర్ తల ఇనుప స్టాండుతో పగలగొట్టాడట. మాస్టర్ అప్పటి నుంచి దవాఖానలో మాట లేకుండా పడి ఉన్నాడు.

ఆ మాస్టర్ ఎవరంటే, బిక్షమ్మ పాటను కాగితం మీద పెట్టిన మనిషి. పానగల్ పొలాల్లో నాట్లు వేస్తూ ఆమె కట్టుకున్న పాటను ఆయన చర్చి కాయిర్‌తో పాడించాడు. ఎవరో ఫోన్లో తీశారు. పాట ఊళ్లు తిరిగింది. రెండు నెలలు తిరక్కుండానే ఒక ఆడియో కంపెనీ దాన్ని ఆల్బంలో వేసుకుని, 'ఇది 2021లో మా స్టూడియోలో పుట్టిన పాట' అంది. మాస్టర్ కోర్టుకెక్కాడు. రేపు సోమవారం వాయిదా. మొన్న శుక్రవారం తల పగిలింది. ఇంత తిన్నగా ఉన్న గీతను డేవిడ్ దాకా వంకర తిప్పడానికి ఎంత తెలివి కావాలో, డేవిడ్ వకీలు తరఫున ఆధారాలు వెతకడానికి వచ్చిన శోభకు అర్థం కాలేదు.

"టైం వద్దులే అవ్వా. శుక్రవారం ఈడికెల్లి ఎట్ల పోయినవో చెప్పు."

"చెన్నయ్య ఆటోకు పోయిన. ఆరుంబావుకు గడియార స్తంభం కాడ తీస్తడు. మనుషులు నిండినా తీస్తడు, నిండకున్నా తీస్తడు. వానికి పెండ్లానికి భయం."

మెట్ల కింద నిలబడ్డ ఇంటి ఓనరు లీలమ్మ మూతి మీద కొంగు అడ్డం పెట్టుకుంది. శోభ ఫోన్లో రాసుకుంది: ఇక్కణ్ణుంచి గడియార స్తంభం ఐదు నిమిషాలు. బిక్షమ్మ గది దాటింది ఆరూ పదికి.

"నువ్వు పొయ్యేటప్పుడు మాస్టర్ ఒక్కడే ఉన్నడా?"

"ఒక్కడే. కంప్యూటర్ల పాట ముందలేసుకొని కూసున్నడు. నా దమ్ము సంగతి నీకెరుకే గద. టీబీ వచ్చిపోయినంక ఒక దిక్కు ఊపిరితిత్తి పనిజేయదు. గా దినం మూడో చరణంల దగ్గొచ్చి ఆగిన. నాకైతె సిగ్గయింది. సార్ ఏమన్నడు? 'బిక్షమ్మా, నువ్వు ఆగినకాడ పాట గూడ ఆగాలె, గీడ గూడ జాగా పెడ్త' అన్నడు. నా ముందల్నే గా ఖాళీ గదిని పట్టి ఇట్ల గుంజి ఎడల్పు జేసిండు."

శోభ బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయింది.

"ఏ గది?"

"పాటంత గదులు గదులు గీస్తడు గదనే, గీతల మీద. ఇంగ్లీషుల బార్లంటడు. బార్లు అనకు సారూ, మా ఇంటాయన లేచొస్తడు అంటె నవ్విండు. గప్పటికెల్లి మా ఇద్దరికి గదులే."

"గుంజింది ఎన్నో గది అవ్వా?"

బిక్షమ్మ కళ్లు మూసుకుని లోపల్లోపల పాడుకుంది. పెదాలు కదులుతున్నాయి, వేళ్లు ముడుచుకుంటున్నాయి. 'నేనెనుకకు వోతేనే మడి ముందలికొస్తది' అన్న ముక్క వరకు వచ్చి ఆగింది.

"పద్నాలుగు," అంది. తర్వాత శోభ చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు సార్‌ను కొట్టలె బిడ్డా. సార్ కాళ్లకు మొక్కేటోడు వాడు."

"ఎరుకే అవ్వా. నాకెరుకైతే ఏం లాభం, పైనున్నాయనకు ఎరుక కావాలె."

పైన ఉన్నది దేవుడు కాదు. దామోదర్.

*

దామోదర్ సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. కంప్యూటర్ కేసులొస్తే స్టేషన్‌వాళ్లు అతన్నే పిలిపించుకుంటారు. మూడేళ్ల కింద మహబూబ్‌నగర్‌లో ఒక దొంగ రిజిస్ట్రేషన్ కేసును శోభ అతని ఆఫీసులో పదకొండు రోజులు కూర్చుని విప్పితే, పన్నెండో రోజు పేపర్లో దామోదర్ ఫొటో వచ్చింది. ఫొటోలో అతని చేతిలో ఉన్నది శోభ రాసిన రిపోర్టే. కనీసం ప్లాస్టిక్ కవర్ కూడా మార్చలేదు.

"రా శోభమ్మా, రా," అన్నాడు, సొంత ఇంటికి పిలిచినట్టు. "వకీలు పర్మిషన్ తెచ్చిండంట గద. గంట టైం. ముట్టుకోకుండ చూస్కో. కృష్ణయ్యా, చెల్లెకు కుర్చెయ్యి."

తలుపు దగ్గర ఉన్న కానిస్టేబుల్ కృష్ణయ్య కుర్చీ వైపు చూశాడు, ఇద్దరి ముఖాలు చూశాడు, ఉన్న చోటే ఉండిపోయాడు. అనుభవమున్న మనిషి.

గది పదడుగులకు పన్నెండు. ఒక కీబోర్డు, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. మాస్టర్ పడిన చోట సుద్ద గీత, పక్కన మరక. పాట కాగితాలు పెట్టుకునే నాలుగు ఇనుప స్టాండ్లలో ఒకటి లేదు, పోలీసులు తీసుకుపోయారు. తలుపు గడియ విరగలేదు. అంటే వచ్చినవాణ్ణి మాస్టరే లోపలికి రమ్మన్నాడు. గోడకు బిక్షమ్మ పాట మూడు పేజీలు వరుసగా అంటించి ఉంది. కింద మాస్టర్ చేతిరాత: 'కాయిర్ కాపీ, గురువారం.'

శోభ గోడ దగ్గరికి వెళ్లి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. ఐదు గీతలు, వాటిని అడ్డంగా కోసే నిలువు గీతలు, మధ్యలో గదులు. ఒక్కో వరుసలో గదుల లెక్క ఒక్కోలా ఉంది. మొదటి వరుసలో ఐదు, రెండో వరుసలో నాలుగు. బిక్షమ్మకు దమ్ము ఎక్కడ చాలకపోతే అక్కడ వరుస విరిచాడు మాస్టర్. ఆ ఐదో గదిలో, తొమ్మిదో గదిలో స్వరం లేదు. ఆగమని చెప్పే చిన్న గుర్తు మాత్రం ఉంది. ఆ రెండు గదులూ పక్క గదులకన్నా వెడల్పు. నాట్లేసే ఆడవాళ్ల వరుస ఒక అడుగు వెనక్కి వేసే జాగా అది.

పద్నాలుగోది కూడా ఖాళీయే. కానీ గురువారం కాగితం మీద అది అగ్గిపెట్టె మందమంత సన్నగా ఉంది.

"అయిందా గోడ చూసుడు?" అన్నాడు దామోదర్. "నేను చెప్త విను, నీ టైం కలిసొస్తది. కంప్యూటర్ల పెన్‌డ్రైవ్ పెట్టింది ఆరూ నలభై రెండుకు. తీసింది ఆరూ నలభై తొమ్మిదికి. రికార్డయి ఉంది. అంటే అప్పటిదాక మాస్టర్ మంచిగనే కూసొని పని చేసుకుంటున్నడు. డేవిడ్ బస్సు దిగింది ఆరూ నలభై నాలుగుకు, బస్టాండ్ కెమెరాల ఉన్నడు. ఇక్కడికి నడిస్తే పది నిమిషాలు. ఏడూ ఐదుకు లీలమ్మ వాణ్ణి మెట్ల మీద చూసింది, చేతులకు రక్తం."

"మాస్టర్‌ను లేపబోతే అంటిందని చెప్పిండు గద. అరిచి నలుగుర్ని పిలిచింది గూడ వాడేనాయె."

"అరవకుంటే అనుమానం వస్తదని అరిచిండు."

"అబ్బ! అరవకపోతే దొంగ, అరిస్తే తెలివిగల దొంగ. మరి ఎందుకు కొట్టిండంట?"

"మాస్టర్ కంపెనీతోని రాజీకొచ్చిండు. పాట వాళ్లదేనని ఒప్పుకున్నడు. ఆ మాట విని పిల్లగానికి మండింది."

"రాజీ అని ఎవరు చెప్పిండ్రు?"

"విజేందర్. కంపెనీ మేనేజర్, ఈడ నల్లగొండ స్టూడియో చూసుకుంటడు."

"అంటే పాట దొంగిలించినోడు చెప్పిండు, పాట నాదేనని పాటోళ్లు ఒప్పుకున్నరని. మీరు రాసుకున్నరు."

దామోదర్ ముఖంలో నవ్వు సగం తగ్గింది. ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. "నోటి మాట కాదు చెల్లె. ఇదిగో, కంపెనీ స్కోరు, గీతల మీద రాసిన పాట. పైన తేదీ చూడు, మార్చి 2021. ఏమనుకోకు గాని, కలుపు తీసుకునే ముసలామె స్టాఫ్ నొటేషన్ పాటకు ఓనరంటే ఎవలన్న నమ్ముతరా? ఆమెకు గీ గీతలు తెలుస్తయా?"

శోభ కాగితం అందుకుంది. ఆమె బాపు బీరన్న దేవరకొండ దిక్కు గొర్లు కాసేవాడు. ఆయనకూ సంతకం రాదు. మందలో రెండొందల గొర్లలో ఏది ఎవరిదో చీకట్లో చెవి తడిమి చెప్పేవాడు. దాన్ని ఎవరూ చదువు అనలేదు.

"తెలుస్తయి దామోదర్ సార్," అంది నెమ్మదిగా. "గీతలు గీయనీకి మాస్టర్ కావాలె. యాడ ఆగాలెనో చెప్పనీకి ఆమెనే కావాలె."

కాగితం మీద పాట చక్కగా, ఇస్త్రీ చేసినట్టుంది. వరుసకు సరిగ్గా ఆరు గదులు. మాస్టర్ విరిచిన వరుసలన్నీ పోయాయి. మూడు పేజీల పాట ఒకటిన్నర పేజీలోకి వచ్చింది. పైన స్వరకర్తగా ఎవరిదో పేరు, శోభ ఎన్నడూ వినలేదు.

కళ్లతో గదులు లెక్కపెట్టింది. ఐదు. తొమ్మిది. పద్నాలుగు.

"కృష్ణన్నా," అంది తల ఎత్తకుండా, "టేబుల్ మీద మాస్టర్ స్కేలున్నది. జర ఇస్తవా?"

*

"కొలుస్తవా?" దామోదర్ పెద్దగా నవ్వాడు. "కుట్టు మిషన్ పెట్టుకున్నవా ఏంది?"

"కుట్లు విప్పుడే నా పని." స్కేలు కాగితం మీద పెట్టింది. "ఐదో గది, నలభై మిల్లీమీటర్లు. తొమ్మిదోది నలభై. పద్నాలుగోది నలభై. మూడిట్ల ఒక్క స్వరం లేదు. పక్కన ఎనిమిది స్వరాలున్న గది చూడండి, ముప్పై లేదు. ఖాళీ ఇంటికి అంత పెద్ద కిరాయి ఎవరు కడ్తరు సార్?"

"సాఫ్ట్‌వేరే ఇస్తది. అందాజగ సర్దుకుంటది."

"సర్దదు."

తన లాప్‌టాప్ తెరిచింది. మాస్టర్ వాడిన నొటేషన్ సాఫ్ట్‌వేరే అందులో ఉంది. కొత్త ఫైలు తీసి, కంపెనీ కాగితంలోని మొదటి ఆరు గదులు చూసి చూసి ఎక్కించింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ దామోదర్ వాచీ చూసుకున్నాడు, కృష్ణయ్య మాత్రం స్క్రీన్ చూశాడు.

ఐదో గది దానంతటదే ముడుచుకుపోయి, వరుసలో అన్నిటికన్నా చిన్నదిగా కూర్చుంది.

"గిది పిసినారి సాఫ్ట్‌వేర్," అంది శోభ. "పాడేది లేనికాడ జాగా ఇయ్యదు. ఎడల్పు కావాలంటే మనిషి ఆ గదిని పట్టుకొని, కావాలని పెంచాలె. మాస్టర్ పెంచుతడు. ఎందుకంటే కాయిర్ పిల్లలు సన్న జాగా చూస్తే ఆగరు, ఉరుకుతరు. కన్ను ఆగితే నోరు ఆగుతదని ఆయన లెక్క. మీ కంపెనీ సార్ ఎందుకు పెంచిండు? 2021ల ఎవరు ఆగిండ్రు గా స్టూడియోల?"

"రెండిట్ల అదే పాట. అదే చోట ఆగినట్టు రాసుంటరు."

"ఆగుడు చెవులకు తెలుస్తది సార్. ఎడల్పు తెల్వది! నలభై మిల్లీమీటర్ల ఖాళీని రేడియోల ఎప్పుడన్న విన్నరా? అది కాగితం మీదనే ఉంటది. ఈ కాగితం చేసినోడు పాట విని చేయలె. మాస్టర్ ఫైలు తీస్కొని చేసిండు. వరుసలు విరిచిన గుర్తులన్ని ఒక్క బటన్ తోని కొట్టేసిండు. మాస్టర్ చెయ్యి మొత్తం పోయిందనుకున్నడు. గదుల ఎడల్పు వేరే కాడ ఉంటది, దేనికది. అది కొట్టేయాల్నంటే ఇంకో బటన్. వానికి గంత చదువు లేదు. మా బాపు అంటుండె, గొర్రెల దొంగ ఉన్ని మీది రంగు కడుగుతడు గని చెవికి పెట్టిన గాటు చూడడని."

దామోదర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఏంది? ఎప్పుడో కొట్టేసుంటడు. కోర్టుల వేసిన కాపీ ఉండె, కాయిర్ కాపీలుండె. దొంగతనం కేసు వేరే పెట్టుకో. మర్డర్ అటెంప్ట్‌కు దీనికి ఏం సంబంధం?"

ఆ మాట కోసమే శోభ ఎదురుచూస్తోంది. గోడ మీది కాగితాన్ని చూపించింది.

"గురువారం కాపీ. పద్నాలుగో గది కొలవండి. నేను కాదు, మీరే."

అతను కదల్లేదు. కృష్ణయ్య వచ్చి స్కేలు తీసుకుని కొలిచాడు. "పదమూడు," అన్నాడు, ఆ తర్వాత ఎందుకో, "మిల్లీమీటర్లు సార్," అని చేర్చాడు.

"ఇప్పుడు మాస్టర్ ఫైలు. మీరు స్టేషన్‌ల ఇచ్చిన కాపీ నా దగ్గరున్నది." శోభ లాప్‌టాప్ స్క్రీన్ మీద రెండు కిటికీలు పక్కపక్కన తెరిచింది. "సాఫ్ట్‌వేర్ ముందటి సేవ్‌ను గూడ దాచిపెడ్తది. శుక్రవారం ఐదూ నలభై, పద్నాలుగు సన్నగనే ఉన్నది. ఆరూ ఏడు నిమిషాలు, ఎడల్పయింది. ఈ నడుమ ఏమైంది? బిక్షమ్మకు దగ్గొచ్చింది. కింద మెట్ల మీద ఉన్నది, పోయి అడగండి, గది నంబరుతో సహా చెప్తది. ఆరూ పదికి ఆమె వెళ్లిపోయింది. అంటే ఆరూ ఏడుకు ముందు ఈ లోకంల ఏ కాగితం మీద పద్నాలుగో గది ఎడల్పు లేదు. మీ 2021 కాగితం మీద ఉన్నది."

శోభ మాస్టర్ కంప్యూటర్ వెనక వైర్ల వైపు వేలు చూపించింది.

"ఈ రూమ్‌ల ఇంటర్నెట్ ఉన్నదా సార్?"

దామోదర్ ఫైలు పేజీలు తిప్పాడు.

"మీ రిపోర్టు మూడో పేజీల మీరే రాసిండ్రు, లేదని. ప్రింటర్ వాడలేదని గూడ రాసిండ్రు. ఇంక ఆ ఫైలు బయటికి పోయేది ఒక్కటే తొవ్వ. ఆరూ నలభై రెండుకు పెట్టిన పెన్‌డ్రైవ్. ఆ టైముకు డేవిడ్ జడ్చర్ల బస్సుల ఉన్నడు, మీ కెమెరానే సాక్ష్యం."

"మాస్టరే కాపీ చేసి విజేందర్‌కు ఇచ్చిండేమో! రాజీకొచ్చిండని చెప్తున్న గద!" దామోదర్ గొంతు లేచింది.

"ఇచ్చిండే అనుకుందాం. మరి శుక్రవారం ఇచ్చిన దాని మీద 2021 తేదీ ఎట్లొచ్చె? మాస్టర్ ఇచ్చిండంటే మీ కాగితం దొంగది. ఇయ్యలేదంటే మీ మనిషి దొంగ. ఎటు పోయినా గోడే సార్. ఒక ముసలామె దగ్గును గూడ వదలలె మీరు. ఆమె దమ్ము చాలక ఆగిన జాగాను గూడ కొట్టేసి, మీద పేరు మార్చుకొని, అది తెచ్చి ఆమె కొడుకును జైల్ల పెట్టనీకి సాక్ష్యం చేసిండ్రు. కవరన్న మార్చండి సార్ ఒకసారి!"

చివరి మాట కేసుది కాదని ఇద్దరికీ తెలుసు. దామోదర్ చెవులు ఎర్రబడ్డాయి. శోభ అనుకున్నట్టు అతను అరవలేదు. కుర్చీలో కూర్చుని, కంపెనీ కాగితాన్ని ముందుకు జరుపుకుని, మాస్టర్ స్కేలుతో తనే పద్నాలుగో గది కొలిచాడు. ఒకసారి. ఇంకోసారి.

"శనివారం పొద్దుగాల తొమ్మిదింటికి నా చేతికిచ్చిండు," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇంట్ల బీరువాల దొరికింది, పాతదని చెప్పిండు. నేను దానికి సంతకం పెట్టిన శోభా."

పిలుపులో 'అమ్మ' పోయింది, 'చెల్లె' పోయింది. మొదటిసారి ఉత్త శోభ.

"పెట్టింది తీసేయండి. నాలుగింటి లోపల రాసియ్యండి. విజేందర్ ఏడున్నడు?"

"పొద్దుగాల మాస్టర్ కండ్లు తెరిచిండంట. వాళ్ల ఇంటామె ఎస్తేరమ్మ సంబురంగ అందరికి ఫోన్లు చేసింది. విజేందర్ నాకు చెప్పి..." దామోదర్ ఆగాడు. చెప్పబోయే మాట తన చెవికి తనకే ఎలా వినిపిస్తోందో ముఖంలో తెలుస్తోంది. "హైదరాబాద్ పెద్ద దవాఖానకు మారుస్తమని, ఖర్చు కంపెనీదేనని, అంబులెన్స్ తీస్కొని పోయిండు. మంచి పనే గద అని నేనే..."

శోభ అప్పటికే ఫోన్ కలుపుతోంది. పన్నెండూ ముప్పై ఐదు. మూడో రింగుకు ఎస్తేరమ్మ ఎత్తింది.

"బిడ్డా శోభా! దేవుడు కనికరించిండు. పొద్దుగాల కండ్లు తెరిచి నన్ను చూసిండు. మాటైతె రాలె గని, మంచం మీద ఏలుతోని తాళం ఏసిండు. ఏసి, ఆగి, మల్ల ఏసిండు. బిక్షమ్మ పాటనే."

"అక్కా, అంబులెన్స్ ఏడున్నది?"

"పోయి పావుగంటాయె. విజేందర్ సారు దేవుడు పంపినట్టొచ్చిండు. మేం కేసేసినా మనసుల పెట్టుకోలె చూడు."

"లోపల మాస్టర్ తోని ఎవలున్నరు? నర్సున్నదా?"

"నర్సెందుకు, తోవంత నేనే చూసుకుంట అని ఆ సారే పక్కన కూసున్నడు. తలుపు గూడ ఆయనే ఏసుకున్నడు."

"మరి నువ్వో?"

"నేను గేటు కాడనే ఉన్న, బస్సుకు పోత. ఎక్కుతనంటే వద్దన్నడు బిడ్డా," అంది ఎస్తేరమ్మ. "లోపల జాగా లేదన్నడు."